వేసవికి కొత్త నవలలు, కథలు చెప్పండి: అమ్మకు చదివి వినిపించాలి

చేనేత వాకిలి
ఏప్రిల్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మే నెలంతా సెలవు పెట్టి పుణే నుంచి చీరాల వెళ్తున్నాను. అమ్మకు 74 ఏళ్లు. రెండేళ్లుగా కళ్లకు అక్షరం ఆనడం లేదు. ఇంట్లో తిరుగుతుంది, పొయ్యి దగ్గర పని చేసుకుంటుంది. పేపరు మాత్రం ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నాన్న పోయాక ఆమెకు మధ్యాహ్నాలు గడవడం లేదు.

ఒకప్పుడు అమ్మ చదవని సీరియల్ లేదు. వారపత్రికల్లోంచి కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పెళ్లి శుభలేఖల అట్టలు వేసి దాచుకున్నవి ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. అయితే ఆ చదువు 1990 దగ్గర ఆగిపోయింది. మగ్గం పని, మా ఫీజులు, ఇంకేం చదువుతుంది? ఆ తర్వాత తెలుగులో ఏం వచ్చాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

అందుకే పాతవి కాకుండా, ఈ పాతికేళ్లలో వచ్చిన నవలలూ కథలూ కావాలి. భోజనాలయ్యాక ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా నేనే పైకి చదువుతాను. నా గొంతు ఇరవై, ఇరవై ఐదు పేజీలకు మించి నిలవదు. మా పాపకు 14 ఏళ్లు, తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ చదవలేదు. అదీ వింటుంది. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే: మొదటి పేజీలోనే చావు ఉండకూడదు.

నల్లమల గాలి
ఏప్రిల్ 18, రాత్రి 10:25

అక్కా, కళ్లు మూసుకుని ‘కొండపొలం’ తీసుకోండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసినారు. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది, తర్వాత సినిమా తీసినారు. మాది ప్రొద్దుటూరు పక్కన. కరువొచ్చి ఊర్లో గడ్డి, నీళ్లు లేనప్పుడు గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుని పోవడాన్ని కొండపొలం పోవడం అంటారు. మా తాత పోయినాడు. చదువుకుని ఉద్యోగం దొరక్క, నలుగురిలో మాట్లాడటానికి జంకే పిల్లోడు మందతో పాటు అడివికి పోతాడు. కథ అంతే. పులి ఉంది, దొంగలున్నారు, వాన ఉంది. మందను లెక్కపెట్టుకోవడం, రాత్రి కాపలా, ఏ చెట్టు ఆకు గొర్రెకు మంచిది ఏది కాదు, ఇవన్నీ తెలిసిన మనిషి రాసిన రాత అది.

పైకి చదవడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు. రోజుకో మజిలీ మాదిరి ఆపుకోవచ్చు. పాపకు కూడా ఇదే పట్టించండి.

మానేరు ఒడ్డు
ఏప్రిల్ 19, ఉదయం 6:50

అక్కా, నేనైతే ‘జిగిరి’ చెప్త. పెద్దింటి అశోక్ కుమార్‌ది. మా సిరిసిల్ల దిక్కు రచయిత. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం, అతని భార్య బీబమ్మ, కొడుకు చాంద్, ఆ ఎలుగు పేరు షాదుల్. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చినంక ఆ ఆట నేరమైంది కదా. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తదన్న ఆశ ఇంట్ల చొరబడ్డంక తండ్రి ఒక దిక్కు, కొడుకు ఒక దిక్కు అయితరు. ఇంట్ల పెరిగిన జీవాన్ని ఏం జెయ్యాలె? చిన్న నవలే, నాలుగు మధ్యాహ్నాలల్ల అయిపోతది. ఇతర భాషలల్లకు కూడా పోయింది.

మొదటి పేజీల చావు లేదు. కానీ ఒక్క మాట ముందే చెప్తున్న: చివరి ముప్పై పేజీలు మీరు ముందుగాల ఒక్కరే చదువుకోండి. నేను బస్సుల చదివి, మా స్టాపు దాటిపోయిన.

పాత అట్ట
ఏప్రిల్ 19, ఉదయం 8:15

అమ్మాయీ, మీ ఉత్తరం చదివి మనసు చెమ్మగిల్లింది. నేను రాజమండ్రిలో 1978 నుంచి పద్దెనిమిదేళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపాను. వేసవి వస్తే మాకు పండగే. పరీక్షలైపోయిన ఆడపిల్లలు, పుట్టింటికి వచ్చిన కూతుళ్లు, వాళ్ల కోసం సైకిలేసుకుని వచ్చే తమ్ముళ్లు. కొత్త నవల వస్తే నాలుగు కాపీలు కొని, అసలు అట్ట తీసేసి కాలికో గుడ్డతో గట్టి బైండు చేయించేవాణ్ణి. లేకపోతే నెలకే ఊడిపోయేది. కుట్టిన సీరియళ్లు కూడా అద్దెకు ఇచ్చేవాణ్ణి. కాబట్టి మీ అమ్మగారిని నేను చూడకపోయినా ఎరుగుదును.

నా సలహా ఒకటే. ముప్పై ఐదేళ్లు ఎడం వచ్చిన పాఠకురాలికి మొదటి రోజే లావు నవల పెట్టకండి. గొంతు పరిచయం కావాలి. డాక్టర్ సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కతలు’ తో మొదలుపెట్టండి. ఒక చిన్న పిల్ల తన చెల్లెళ్ల గురించి, అమ్మానాన్నల గురించి, ఊళ్లు మారడం గురించి చెబుతుంది. కథకు పావుగంట. మీ అమ్మగారు మధ్యలో ఆపి తన చిన్నతనం చెప్పడం మొదలుపెడతారు. ఆపనివ్వండి. ఆ రోజు పది పేజీలే అయినా నష్టం లేదు.

ఇందూరు పిల్లగాడు
ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1:05

కొత్తవి అన్నారు కాబట్టి నిజంగా కొత్తవి చెప్తాను. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’. గోర్ బంజారా కథలు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మా నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రచయిత. మా ఊరికీ తండాకూ మధ్య ఒక్క చెరువు కట్టే అడ్డం. అయినా అవతల ఇళ్లల్లో ఏం పాడుకుంటారో, దేనికి ఏడుస్తారో ఈ పుస్తకం చదివే దాకా నాకు తెలీదు. నాకు సిగ్గనిపించింది, నిజంగా.

ఇంకొకటి, వి. మల్లికార్జున్ ‘నల్లగొండ కథలు’. ఊళ్లో పెరిగిన పిల్లల కథలు, దోస్తులు, బడి, ఇల్లు. మీ పాప వయసుకు దగ్గర. ప్రసాద్ సూరి ‘మైరావణ’ నవలకు 2025 యువ పురస్కారం వచ్చింది. దాన్ని నేనూ ఈ వేసవికే పెట్టుకున్నాను. చదివాక వచ్చి రాస్తాను.

కాలువ గట్టు
ఏప్రిల్ 19, సాయంత్రం 5:30

అందరూ పెద్ద మనసుతో చెబుతున్నారు, కాదనను. కానీ నా అనుభవం వేరు. మా అత్తగారికి ఇలాగే చదివి వినిపించబోయాను. ఈ కొత్త పుస్తకాల్లో సగం యాసలో ఉంటాయి. మాది భీమవరం. కడప మాట, కరీంనగర్ మాట నా నోట పలకదు. తడబడుతూ చదివితే వినేవాళ్లకు విసుగు. పైగా అన్నీ బాధలే. ఎండలో మగ్గిపోతూ, నాన్నగారు పోయిన ఇంట్లో, కరువు కథలూ కన్నీళ్ల కథలూ అవసరమా? యద్దనపూడి నవల మళ్లీ తీసి చదివితే ఆవిడకు సుఖంగా ఉంటుంది. ఒకసారి ఆలోచించండి.

మదనపల్లె మామిడి
ఏప్రిల్ 19, రాత్రి 8:45

కాలువ గట్టు అక్కా, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ యాస అనేది కంటికి అడ్డం పడతాది, నోటికి కాదు. నేను బడిలో ఆరో తరగతి పిల్లోళ్లకు కథలు చదివి వినిపిస్తా ఉంటాను కాబట్టి చెప్తా ఉండాను. ముందు రోజు రాత్రి రెండు పేజీలు మీకు మీరే పైకి చదువుకోండి. అక్షరం అక్షరం కూడబలుక్కోవద్దు. వాక్యం చివర మాట ఎట్లా సాగతాదో పట్టుకుంటే చాలు, మిగతాదంతా దాని వెనకాలే వస్తాది. మా యాసను మా మాదిరే పలకాలని ఎవరూ అడగరు. మీ చీరాల గొంతుతోనే చదవండి, మాట దానంతటదే నిలబడతాది.

దీనికి మేలైన పుస్తకం ఎండపల్లి భారతి ‘ఎదారి బతుకులు’. మా మదనపల్లె దగ్గర పల్లెలో ఉండే ఆమె. అయిదో తరగతి చదువు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలు. ఆవు, మేక, గొడ్డలి, కట్టెలు, రొంత నగువు, రొంత ఏడుపు. కష్టం ఉంది, కాదనను. కానీ ఆమె కష్టాన్ని చెప్పే తీరులో జాలి అడుక్కోవడం లేదు. మగ్గం నేసి బిడ్డల్ని సదివించిన మనిషికి ఆ తీరు తెలవకుండా ఉంటాదా?

సుఖంగా ఉండే పుస్తకమే ఇయ్యాల అనేది నాకు మింగుడు పడటం లేదు. ముసలాళ్లకు మెత్తంగా ఉడికిన అన్నమే పెట్టినట్టు పుస్తకం గూడా మెత్తందే ఇయ్యాలనుకుంటాం. వాళ్ల పండ్లు మనకంటే గట్టివి.

నాగావళి
ఏప్రిల్ 20, ఉదయం 7:20

శ్రీకాకుళం నుంచి. ఇక్కడ కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. కథల కోసం ఒక ఇల్లు. వాళ్ల వెబ్‌సైటులో వేల కథలు స్కాన్ చేసి పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ అమ్మగారు ‘ఫలానా రచయిత్రి కథ ఒకటి 1974లో చదివాను’ అంటే వెతికి చూపించవచ్చు. అదొక సంబరం.

కొత్త కథలకు ‘కథ’ సంకలనాలు చూడండి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకత్వంలో 1990 నుంచి ఏటేటా వస్తున్నాయి. అమ్మగారి చదువు ఆగిన చోటే ఆ సంకలనాలు మొదలయ్యాయి, చూశారా! ఐదేళ్లకొకటి చొప్పున తీసి చదివినా, ఆమె చదవని కాలమంతా ఒక చుట్టు తిరిగి రావచ్చు.

తల్లావఝల పతంజలి శాస్త్రి గారి ‘రామేశ్వరం కాకులు’ కు 2023లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నాకు ప్రాణం. కానీ ఆ కథలు పైకి చదివేవి కావు. ఒక వాక్యం దగ్గర ఆగి కిటికీలోంచి బయటకు చూడాలి. వినేవాళ్లకు ఆ వ్యవధి దొరకదు. అది మీరు రాత్రి ఒక్కరే చదువుకోండి.

శాఖా గ్రంథాలయం
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 12:10

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. చీరాల అంటున్నారు కదా, వేటపాలెం పక్కనే. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటిది. 1929లో గాంధీ గారు ఆ భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలు వరసగా ఉన్నాయి. అమ్మగారిని ఒక పొద్దుటిపూట ఆటోలో తీసుకెళ్లండి, ఎండ ముదరకముందే. చదవలేకపోయినా ఆ కాగితాల వాసనకు పాత రోజులు గుర్తొస్తాయి.

మీ ఊరి గ్రంథాలయంలోనూ అడగండి. ఇంటి పన్నుతో పాటు మనందరం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పుస్తకం లేకపోతే ‘లేదా’ అని వెళ్లిపోకుండా, కావాలని రాసి ఇవ్వండి. ఆ చీటీలు పైకి పంపితేనే కొనుగోళ్లలో ఆ పుస్తకాలు వస్తాయి. వేసవిలో పిల్లల శిబిరాలు కూడా పెడతాం, పాపను పంపవచ్చు.

మీ గొంతు నొప్పెట్టిన రోజుకు ‘దాసుభాషితం’ యాప్‌లో తెలుగు శ్రవణ పుస్తకాలు ఉన్నాయి. ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్‌లో కథలు చదివి వినిపిస్తారు. ఫోను బల్ల మీద పెట్టి వినడమే.

డాలస్ చింతచెట్టు
ఏప్రిల్ 20, రాత్రి 11:50

మా అమ్మకు నేను మూడేళ్లుగా ఫోనులో చదువుతున్నాను. ఆమె ఒంగోలులో ఉంటుంది. నాకు రాత్రి పదిన్నర, ఆమెకు ఉదయం కాఫీ అయ్యే వేళ. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ అలా రెండు నెలలు చదివాను. 2019 అకాడమీ అవార్డు. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, హండె రాజుల కాలం. అంత మంది మనుషులు, అన్ని పేర్లు. మొదటి వారం అమ్మ ‘ఎవరీయన?’ అని ప్రతి పేజీకీ అడిగేది. పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, రోజూ మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ‘నిన్న ఎక్కడున్నాం’ అని చెప్పేదాన్ని. ఆ ఐదు నిమిషాలే ఆమెకు బాగా నచ్చాయి.

అయితే నెల రోజుల సెలవుకు ఇది వద్దు. సగంలో ఆగిపోతుంది. మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’ కూడా ఇలాగే తాపీగా చదువుకోవలసింది. సంగీతం, దేవదాసీ కుటుంబాల బతుకు. 2022లో అకాడమీ అవార్డు వచ్చింది. వాళ్ల నాన్నగారు రాజారాం గారికి 1993లో కథలకు వచ్చింది. తండ్రీ కొడుకులిద్దరికీ!

చేనేత వాకిలి
ఏప్రిల్ 21, రాత్రి 10:00

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. కాలువ గట్టు గారూ, మీ మాట కూడా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. ‘నాకు బాధ తెలియదా? బాగా రాస్తే చాలు’ అంది. కాబట్టి ఇల్లేరమ్మ, ఎదారి బతుకులు, కొండపొలం, జిగిరి, ఈ వరసలో. నల్లగొండ కథలు పాప కోసం. మొదటి నాలుగూ దొరికాయి, పార్సిల్ నేరుగా చీరాలకే పెట్టించాను. ఐదోది విజయవాడలో దిగి వెతుకుతాను.

చేనేత వాకిలి
మే 13, సాయంత్రం 6:20

ఇక్కడి సంగతులు మీకు చెప్పాలి కదా.

పాత అట్ట గారూ, మీరన్నట్టే అయింది. ఇల్లేరమ్మ మొదటి రోజు ఒక కథ కూడా పూర్తి కాలేదు. అమ్మ తన అక్కచెల్లెళ్లు ఐదుగురూ ఒకే గొడుగు కింద వేటపాలెం నడిచి వెళ్లిన కథ చెప్పింది. నేను ఎప్పుడూ వినలేదు. రెండో రోజు నుంచి పక్కింటి అత్తయ్యలిద్దరు రాట్నాలు తెచ్చుకుని మా వరండాలో కూర్చుంటున్నారు. కండెలు చుడుతూ వింటారు. రాట్నం చప్పుడులో నా గొంతు వినిపిస్తుందా అని భయపడ్డాను. కథ బిగిసే చోట రాట్నాలు వాటంతటవే ఆగిపోతాయి. అలా తెలుస్తోంది నాకు, ఎక్కడ బాగుందో.

ఎదారి బతుకులు మొదటి కథ నేను నిజంగానే తడబడి చదివాను. అమ్మ ఆపి, ‘పోగు తెగినట్టు చదువుతున్నావేమిటే, లాగి చదువు’ అంది. మదనపల్లె మామిడి గారూ, మీరు చెప్పింది కూడా అదే కదా. మూడో కథకు నాకు పట్టు దొరికింది. నాకు తెలియని మాటలు సగం ముసలివాళ్లకు తెలుసు. ఒక మాట గురించి అత్తయ్యకూ అమ్మకూ పావుగంట వాదన జరిగింది.

కొండపొలం ఎనిమిది రోజులు పట్టింది. పులి వచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయినా ఎవరూ లేవలేదు. పాప విసనకర్ర తెచ్చి నాకు విసురుతూ కూర్చుంది, నేను ఆపకుండా ఉండాలని. నల్లమల గాలి తమ్ముడూ, అమ్మ నీకో ప్రశ్న పంపింది: మందలో ఏ గొర్రె ఎవరిదో మీ తాతగారికి ఎలా తెలిసేది?

నల్లమల గాలి
మే 13, రాత్రి 7:40

అక్కా, అమ్మగారికి చెప్పండి. చెవి మీద గాటు ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క తీరు అంట. మా తాతకైతే గాటు కూడా అక్కర్లేదు, మొగం చూసి చెప్పేవాడు. చీకట్లో అరుపును బట్టి కూడా చెప్పేవాడని మా నాయన అంటాడు. ఇంత అడిగిన మనిషికి కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ కూడా ఇనిపించండి. పాతికేళ్ల కంటే పాతదే, కానీ ఆమె చదివి ఉండరు. ఒక ముసలాయన, ఒక పంది, ఒక్క రాత్రి. చాలా చిన్న నవల.

కాలువ గట్టు
మే 14, ఉదయం 9:00

చదువుతూంటే మా వరండా గుర్తొచ్చింది. నేను తొందరపడి అన్నానేమో. ఎదారి బతుకులు తెప్పించుకున్నాను. ఇంకా మా అత్తగారికి చదవలేదు, నాకు నేనే పైకి చదువుకుంటున్నాను, తలుపు వేసుకుని. నాలుగు కథలయ్యాయి.

మానేరు ఒడ్డు
మే 14, ఉదయం 9:35

జిగిరి ఎంత దాకా అయింది అక్కా?

చేనేత వాకిలి
మే 27, రాత్రి 9:15

జిగిరి గురించి ఇన్ని రోజులు రాయలేకపోయాను. ముప్పై పేజీలు ఉన్నాయనగా అమ్మ ‘ఇవాళ్టికి చాలు’ అంది. మర్నాడు కూడా వద్దంది. మూడో రోజు పొద్దున ఇంకా ఎవరూ లేవకముందే నన్ను లేపి, ‘అత్తయ్యలు రాకముందే చదివెయ్’ అంది. ఇద్దరమే కూర్చున్నాం. మీరు చెప్పినట్టు నేను ముందే ఒక్కదాన్నే చదువుకున్నాను, అయినా గొంతు పూడిపోయింది. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మా నాన్న చనిపోయిన ఏడాది మగ్గం అమ్మేసినప్పటి సంగతి చెప్పింది. ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, బండి మీదికి ఎక్కిస్తుంటే తను వంటింట్లోంచి ఎందుకు బయటకు రాలేదు. నేనప్పుడు పుణేలో ఉన్నాను. ‘అమ్మేశాం’ అని ఫోనులో ఒక్క మాట చెప్పారు, అంతే.

అత్తయ్యలకు మధ్యాహ్నం ఆ ముప్పై పేజీలూ మళ్లీ చదివాను. అమ్మ కూడా కూర్చుంది.

పాపకు నల్లగొండ కథలు బాగా నచ్చాయి, చదివింది మళ్లీ చదవమంటోంది. వేటపాలెం వెళ్లాం. ఎల్లుండి సాయంత్రం రైలు. ‘అతడు అడవిని జయించాడు’ నిన్న మొదలుపెట్టాం, సగం కూడా కాలేదు, ఆ రాత్రి ఇంకా తెల్లవారలేదు.

డాలస్ చింతచెట్టు గారూ, ఫోనులో చదివేటప్పుడు మీరు ఏం చేస్తారో కాస్త చెప్పండి. స్పీకరు పెడితే అత్తయ్యలకు కూడా వినబడుతుందా? నాకు ఆఫీసులో భోజనం టైము ఒకటిన్నరకు మార్చుకోవడం కుదిరింది.

డాలస్ చింతచెట్టు
మే 27, రాత్రి 10:05

ఫోను స్పీకరు చాలదు. పాపతో చిన్న బ్లూటూత్ స్పీకరు ఒకటి కొనిపించి, వెళ్లే ముందే అమ్మ చేత రెండుసార్లు ఆన్ చేయించండి, బటన్ మీద ఎర్ర దారం కట్టి గుర్తు పెట్టండి. ఆమె వైపు రాట్నం చప్పుడు వినిపించేలా మైకు తెరిచే ఉంచమనండి. ఎక్కడ ఆగుతుందో మీకు తెలియాలి కదా.